మా బాబాయి ట్యూబు

మా ఇంట్లో జబ్బుల ముచ్చట్లన్నీ భోజనాల దగ్గరే. ఎవరి బీపీ ఎంతో, ఎవరికి మలబద్ధకమో పక్కింటివాళ్ళకి కూడా కంఠతా వచ్చు. గజ్జల్లో తామర ఒక్కటే దేవరహస్యం. పెళ్ళిపందిట్లో మా బాబాయి అక్షింతలు ఎడమచేత్తో వేస్తాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో బండి తాళం వెతుకుతూ ఉంటుంది. ఆయనకి బండి లేదని పందిట్లో సగంమందికి తెలుసు.

మందుల షాపు కుర్రాడు ఓ ట్యూబు ఇచ్చాడు. ఫంగస్‌కో మందు, బాక్టీరియాకో మందు, వాటికి తోడు క్లోబెటసాల్ అనే ఘాటు స్టెరాయిడ్. రెండ్రోజుల్లో దురద మాయం. "దేవుడి మందురా!" అన్నాడు బాబాయి. దురద, ఎరుపు తగ్గించేది స్టెరాయిడ్. ఒంట్లో ఫంగస్‌ని అడ్డుకునే శక్తినీ అదే తగ్గిస్తుంది. అలా తామర నడుము దాటి పొట్టమీదికి ఎక్కింది.

ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నిటిని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేనిదే అమ్మొద్దంది. మా వీధిలో చీటీ అంటే, ట్యూబు పేరు మర్చిపోకుండా రాసుకెళ్ళే కాగితం.

చివరికి బాబాయినీ పిన్నినీ వెంటబెట్టుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"షుగర్ ఉందా?"

"దురదమ్మా నాకు," అన్నాడు బాబాయి, నొచ్చుకుంటూ.

వేలు గుచ్చి చూస్తే పరగడుపునే 212.

"మీ ముఖం మొదట్నుంచీ ఇంత గుండ్రమేనా?"

"ఈమధ్యే కాస్త ఒళ్ళు చేశానమ్మా. మా ఆవిడ చేతివంట!"

వంట కాదట, ట్యూబట. ఘాటు స్టెరాయిడ్ నెలల తరబడి పూస్తే రక్తంలోకీ దిగుతుంది. కార్టిసాల్ అనే హార్మోను పని అదే చేసిపెడుతుంటే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది. షుగర్ పెరిగితే తెల్లకణాలు మందగిస్తాయి, చెమటపట్టే మడతల్లో ఫంగస్‌కి ఇక పండగే. తామర కోసం పూసిన మందు హార్మోన్లని పాడుచేసి, తామరకే మేత వేసిందన్నమాట. ఇంత చక్కటి ఏర్పాటు మా మున్సిపాలిటీ కూడా చెయ్యలేదు.

పొద్దున్నే చేయించుకోవాల్సిన కార్టిసాల్ పరీక్ష రాసిందావిడ. స్టెరాయిడ్ ఒక్కసారిగా మానొద్దని, ఎలా తగ్గించాలో తను చెబుతానని అంది. మచ్చలు పోయినా తను చెప్పేదాకా తామర మాత్రలు ఆపొద్దంది. బిగుతు బట్టలు వద్దు, తువ్వాలు ఎవరిది వాళ్ళదే.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"ఛఛ, లేదమ్మా!"

పక్క కుర్చీలోంచి పిన్ని నెమ్మదిగా అంది: "నాకూ ఉందండీ. ఆయన ట్యూబే రాసుకుంటున్నా."

బాబాయి ఆవిడకేసి తిరిగాడు.

"అదా! కొన్న వారానికే అయిపోతోందని ఆ షాపు కుర్రాణ్ణి తిట్టిపోశానే!"