సున్నానికి అర్జీ, బుల్డోజరుకు దండ

2005 ప్రాంతంలో హైదరాబాదులో మీకు తాతల నాటి దేవిడీ (పెద్ద లోగిలి) ఒకటి ఉండేదనుకుందాం. దాని ఖర్మ కాలి, అది వారసత్వ కట్టడాల జాబితాకెక్కిందనుకుందాం. దసరా వస్తోంది కదా, గోడలకు సున్నం కొట్టిద్దామని నిచ్చెన తెప్పించారో, నేరానికి సిద్ధపడ్డట్టే లెక్క. 1995లో హుడా (హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వదిగా ఒకటి చేర్చారు. జాబితాలో ఉన్న కట్టడాన్ని కూలగొట్టడం మాట అటుంచి, మరమ్మతు చేయాలన్నా, గిలాబు చేయాలన్నా, ఆఖరికి రంగు పూయాలన్నా హుడా వైస్ ఛైర్మన్ గారి ముందస్తు అనుమతి ఉండాలని అందులో రాశారు. ఆయనకు సలహా చెప్పడానికి హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ ఒకటి. మీ అర్జీ కమిటీ ముందుకెళ్లి, కమిటీ కూర్చుని, కూర్చున్నవాళ్లు లేచి, లేచినవాళ్లు సంతకాలు పెట్టి, ఫైలు మీ దాకా తిరిగొచ్చేసరికి ఆ దసరా పోయి ఇంకో దసరా వచ్చినా మీరు ఆశ్చర్యపోకూడదు. పాత ఇంటివాళ్లకు ఓపిక ఉండాలి. లేకపోతే పాత ఇంట్లో ఎందుకుంటారు?

రూలు తప్పని నేననడం లేదు. ఆ రూలే లేకపోతే ఈపాటికి పాతబస్తీలోని పత్తర్‌గట్టీ కమానులన్నిటికీ అల్యూమినియం రేకులు తొడిగి, నీలి అద్దాలు బిగించి, మీద ఏసీ డబ్బాలు వేలాడదీసి ఉండేవాళ్లం. (రూలున్నా కమానుల మీద ముత్యాల దుకాణాల బోర్డులు ఎక్కనే ఎక్కాయి, అది వేరే సంగతి.) 1998లో 137 కట్టడాలతో జాబితా వచ్చింది. తర్వాత ఊళ్లోని గ్రానైటు బండల్ని కూడా అందులో చేర్చారు. ఊరి రాళ్లకు చట్టంలో చోటిచ్చిన నగరంగా మనం కొన్నాళ్లు మీసం మెలేశాం కూడా.

మరి మీరు సున్నం కొట్టడం కాదు, మొత్తం కూలగొట్టాలనుకుంటే? దానికి సులువైన దారి ఒకటుంది. మీరు ప్రభుత్వం అయిపోవాలి.

2015 సంగతి చెబుతాను. ఆ ఏడు నవంబరులో బీఆర్‌ఎస్ వచ్చింది. కంగారు పడకండి, పార్టీ కాదు, పార్టీకి ఆ పేరు ఇంకా పుట్టలేదు. బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. అక్టోబరు 28 లోపల అనుమతి లేకుండా లేపిన అంతస్తులుంటే, ప్లానుకు మించి బాల్కనీలు వీధిలోకి సాచి ఉంటే, డబ్బు కట్టి సక్రమం చేయించుకోమని ఆ పథకం పిలుపు. అది అలా నడుస్తుండగానే డిసెంబరు 7న 183వ నంబరు జీవో వచ్చింది. 13వ నిబంధనను తీసిపారేశారు. అంటే ఒక చేత్తో నిన్నగాక మొన్న లేచిన అక్రమానికి కాగితాలిచ్చారు, ఇంకో చేత్తో వందేళ్లుగా సక్రమంగా నిలబడ్డవాటి కాగితాలు చించారు. బండల మాటే విచిత్రం. దక్కను గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లంటారు. అంతకాలం ఎండకూ వానకూ చలించని రాయి ఒక్క పూటలో, ఒక్క జీవోతో వారసత్వం కాకుండా పోయింది. భూగర్భ శాస్త్రం ఇలాంటి వేగం ఎరగదు.

రూలు తీసేయడానికి ముందు, అదే ఏడు జులైలో, ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని కూల్చి ఆ చోటనే పెద్ద టవర్లు కడతామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని మళ్లీ కట్టుకునే పనిలో భాగంగా, విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో 1925 నాటికి లేచిన భవనం అది. హైకోర్టు, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషన్ గీసిందీ ఆయనే. శిథిలమైపోయింది, రోగుల మీద పెచ్చులు రాలుతున్నాయి, కూల్చక తప్పదు అన్నారు. ఇంత పాత భవనంలో వైద్యమేంటని అడిగారు. మంచి ప్రశ్నే. కానీ వెంటనే ఇంకో ప్రశ్న ఎవరైనా అడగాల్సింది: పెచ్చులు రాలుతుంటే ఇన్నేళ్లూ ఇంటి యజమాని ఏం చేస్తున్నాడు? యజమాని పేరు రెవెన్యూ రికార్డుల్లో వెతకనక్కర్లేదు. ప్రభుత్వమే.

ఇక్కడ రావి మొక్క గురించి చెప్పాలి. నగరంలో కూల్చివేతల శాఖలో అందరికంటే నిజాయితీగా పనిచేసే ఉద్యోగి ఆవిడే. జీతం అడగదు, సెలవు పెట్టదు, ఆదివారాలూ రాత్రిళ్లూ డ్యూటీలోనే ఉంటుంది. కాకి రెట్టతో వచ్చి మిద్దె మీద వాననీటి గొట్టం పక్కన పగులులో చేరుతుంది. మొదటి ఏడు రెండాకులు. ఆ రోజున ఒక మనిషి నిచ్చెనెక్కి గిల్లేస్తే అయిపోయే పని. గిల్లే మనిషికి పోస్టు లేదు, పోస్టుంటే నిచ్చెనకు బడ్జెట్ లేదు. మూడో ఏడుకి వేరు గోడలోకి దిగి సున్నపు కట్టడాన్ని విడదీస్తుంది. గొట్టం మూసుకుపోయి నీళ్లు మిద్దె మీదే నిలుస్తాయి. కింద ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులు వేసి కట్టిన కప్పు తడిసి, దూలం తుప్పుపట్టి ఉబ్బి, ఇటుకలు జారడం మొదలవుతుంది. పదేళ్లకు ఇంజినీరు గారు వచ్చి, మెడ పైకెత్తి చూసి, భవనం శిథిలావస్థకు చేరిందని నివేదిక రాస్తారు. నివేదికలో రావి మొక్క పేరుండదు. మూసుకున్న గొట్టం పేరుండదు. నేరమంతా భవనం వయసు మీదికి పోతుంది.

అదృష్టం బాగుండి మధ్యలో ఎవరైనా మరమ్మతుకు పూనుకున్నారా, అది ఇంకో ప్రమాదం. పాతవాళ్లు డంగు సున్నంతో కట్టారు. గానుగలో రుబ్బి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి వాడేవారు. ఆ గోడ తేమ పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. మనవాళ్లు టెండరు పిలుస్తారు. కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు దింపుతాడు. ఆ గోడ మీద గట్టిగా సిమెంటు పూత పూస్తారు. లోపలి తేమ బయటికి రాలేక లోపల్లోపలే గోడను పిండి చేస్తుంది. నాలుగేళ్లకు సిమెంటు పొర పలకలు పలకలుగా ఊడిపడుతుంది, దాంతోపాటు పాత గోడ కూడా కొంత వస్తుంది. అప్పుడు మళ్లీ అదే నివేదిక, అదే మాట: ఎంత మరమ్మతు చేసినా నిలవడం లేదండీ, పాత భవనం కదా! సామాన్యుడు రంగు వేస్తే అడ్డుపడ్డ వ్యవస్థలో, సర్కారు సిమెంటు పూస్తే ఆపేవాడు కనబడడు.

2020 జులైలో వానకు మురుగునీళ్లు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి వచ్చాయి. మంచాల కింద నీళ్లు, మంచాల మీద రోగులు, టీవీల్లో అందరం చూశాం. ఆ నెలలోనే భవనాన్ని ఖాళీ చేయించి మూసేశారు. చివరికి 2025 జనవరిలో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది, ఎక్కడా? గోషామహల్లో. పాత భవనాన్ని ముట్టుకోకుండా, వేరే స్థలంలో. పడకలు కావాలన్న వాదన నిజమే, రోగి బాధ రోగిదే, దాన్ని నేను ఎగతాళి చేయను. కానీ కొత్త పడకలకు పాత గోడలు కూలడం తప్పనిసరి కాదని తెలుసుకోవడానికి మనకు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ రోగులు ఎవరి మొహం చూడాలి?

ఎర్రమంజిల్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన మహలు. అందులో ఎవరి ఆఫీసులు నడిచాయో తెలుసా? రోడ్లు భవనాల శాఖవి. అంటే భవనాలు చూసుకోవడమే ఉద్యోగమైన శాఖ. 2019 జూన్ 18న మంత్రివర్గం ఆ చోట కొత్త అసెంబ్లీ కట్టాలని నిర్ణయించింది, 27న భూమిపూజ కూడా అయిపోయింది. పాత మహలు ఇంకా నిలబడి చూస్తుండగానే కొబ్బరికాయలు పగిలాయి. దానికి వారసత్వ హోదా ఎక్కడిదండీ, ఆ నిబంధన 2015లోనే పోయిందిగా అని కోర్టులో ప్రభుత్వ వాదన. తలుపు మనమే ఊడబీకి, ఈ ఇంటికి తలుపెక్కడిదని అడగడం ఇదే. సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం చెప్పిన దారిన వెళ్లలేదని, హుడా స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ అనుమతి తీసుకోలేదని తప్పుపట్టింది. రంగుకు అనుమతి అడగాలని సామాన్యుడికి పాఠం చెప్పినవాళ్లకు, మహలు కూల్చేందుకు అనుమతి అడగాలని హైకోర్టు పాఠం చెప్పాల్సి వచ్చింది.

పాత సచివాలయంలోని సైఫాబాద్ మహలుకు ఆ అదృష్టం దక్కలేదు. 1888 నాటిది. ఆరో నిజాం దాన్ని చూడబోతుంటే ఉడుము ఎదురొచ్చిందని, అపశకునమని తాళం వేయించాడని ఊళ్లో చెప్పుకునే కథ. కథ నిజమో కాదో గానీ, ఆయన తాళం మాత్రమే వేయించాడు. 2020 జులైలో మిగతా బ్లాకులతో పాటు దాన్నీ నేలమట్టం చేశారు. అగ్నిప్రమాద భద్రత లేదని, వసతులు చాలవని అధికారిక కారణాలు. జనం మాత్రం వాస్తు అనుకున్నారు. పోనీండి. 2023 ఏప్రిల్‌లో కొత్త సచివాలయం తెరుచుకుంది. దాని మీద ఏమున్నాయి? గుమ్మటాలు! దక్కను వాస్తుశైలికి గౌరవమట. నిజమైన పాత మహలును ట్రాక్టర్లలో తోలి, పాతదిలా కనిపించే కొత్తది కట్టుకున్నాం.

ఇదంతా కేవలం సర్కారు పాపమని సరిపెట్టుకుంటే పాత ఇళ్ల యజమానుల గోడు కప్పినట్టవుతుంది. ఒక దేవిడీకి ఇరవైమంది వారసులు. అందులో సగం మంది షికాగోలో, జెద్దాలో. కింద దుకాణాల్లో ఎప్పటివో అద్దెలు. పంపకాల కేసు సిటీ సివిల్ కోర్టులో. పక్కవాడు నాలుగంతస్తులు లేపి షట్టర్లు బిగించి నెలనెలా అద్దె లెక్కపెట్టుకుంటుంటే, దేవిడీ యజమానికి కమాను అందం గురించి ఉపన్యాసం ఇస్తే ఏం వింటాడు? డంగు సున్నం పనిచేసే మేస్త్రీ దొరకడు, దొరికితే కూలి భరించలేడు. మరమ్మతు ఖర్చు నీదే, మార్చే హక్కు మాత్రం నీది కాదు అంటుంది వ్యవస్థ. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. టీడీఆర్ అని ఒక పద్ధతుంది. పాత భవనం అలాగే ఉంచినందుకు, కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును ఇంకొకరికి అమ్ముకోవచ్చు. బిల్డింగ్ రూల్సులో వారసత్వ కట్టడాలకూ ఆ వీలు రాసుంది. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు ఆ సర్టిఫికెట్ చేతికందడం అందరూ చూస్తున్నదే. దేవిడీ కాపాడినందుకు అందుకున్నవాళ్లు మీ వాడలో ఎవరైనా ఉంటే చెప్పండి, వాళ్లింటికెళ్లి టీ తాగొస్తాను.

మనవల్ల కాదని మాత్రం అనకండి. 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా సర్కారీ సంస్థే. ఇరుకు గల్లీలు విడగొట్టి, పత్తర్‌గట్టీలో వరసగా ఒకే తీరు రాతి కమానులు నిలబెట్టింది ఆ బోర్డే. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను చూడండి. అడ్డదిడ్డపు రేకులు, వైర్లు, బోర్డులు పీకించి, రాతిని శుభ్రం చేయించి 2020 ఆగస్టులో మళ్లీ ఊరికిచ్చారు. ఐస్‌క్రీమ్ దుకాణాలు ఎక్కడికీ పోలేదు, జనమూ పోలేదు. ఉన్నత స్థాయి అధికారి ఒకరు పట్టుబట్టి వెంటపడితే పని జరిగింది. ఒక్కరు వెంటపడితేనే జరిగే పనిని పాలన అనరు గానీ, జరిగినమాట నిజం. మిగతాచోట్ల మనకు తెలిసిన సంరక్షణ ముందు గోడకు లైట్లు కొట్టడం, ఆకుపచ్చా ఊదా మార్చిమార్చి. వెనక గోడ ఎలాగూ ఫోటోలో పడదు.

2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అందులో అథారిటీ ఉంది, కమిటీలున్నాయి. కాగితం మీద లోటేమీ లేదు. ఆ కమిటీల్లో కూర్చునే పెద్దలకు మనవి ఒకటే. ప్రభుత్వం చేతిలో ఉన్న పాత భవనాల జాబితా, వాటిలో దేనికి ఆఖరి మరమ్మతు ఎప్పుడు జరిగిందో తేదీలతో సహా ప్రజల ముందు పెట్టండి. ప్రతి వానాకాలానికి ముందు మిద్దెలెక్కి గొట్టాలు శుభ్రం చేయించండి, రావి మొక్కలు పీకించండి. దీనికి కన్సల్టెంటు అక్కర్లేదు, నిచ్చెన చాలు. చెయ్యకపోతే నోటీసివ్వండి. ఆ తొలి నోటీసు ఏ ముసలాయన దేవిడీ గుమ్మానికో కాదు, రోడ్లు భవనాల శాఖ ఆఫీసు గేటుకు అంటించండి.