రిపోర్ట్ కొట్టండన్నా!

మొత్తానికి ఈ జాడ్యం వికీపీడియాకీ పాకింది. ఇన్నాళ్లూ ఫేస్‌బుక్‌లో, ఎక్స్‌లో అవతలి హీరో అభిమానుల ఖాతాలు లేపేయించడానికి వాడిన అస్త్రాన్ని ఇప్పుడు విజ్ఞాన సర్వస్వం మీదికి ఎక్కుపెట్టారు. "మన అన్న పేజీ పాడు చేశారు, లింక్ ఇదిగో, అందరూ రిపోర్ట్ కొట్టండి" అని వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులు. రెండొందల మంది కొడితే నిర్వాహకుడు రెండొందల రెట్లు ఉలిక్కిపడతాడని వీళ్ల నమ్మకం. అక్కడ ఓట్ల లెక్కింపు లేదు నాయనా. ఒక్కడు చెప్పినా, ఊరంతా చెప్పినా వాళ్లు తెరిచి చూసేది ఆ ఒక్క మార్పునే.

ఆ పిలుపు టైపు చేసే ఓపికలో సగం ఖర్చుపెట్టి పేజీ పైనున్న 'చరిత్ర' నొక్కి, చెడగొట్టిన కూర్పు పక్కన 'రద్దుచెయ్యి' అంటే సరిపోయేది. తాళం వెయ్యని పేజీకి ఖాతా కూడా అక్కర్లేదు. వికీపీడియా బతుకుతున్నదే ఆ మీట మీద. కానీ దిద్దేస్తే ఇక గొడవకు సరుకేదీ? ముందు స్క్రీన్‌షాట్ తియ్యాలి. ఎర్రగీత చుట్టాలి. పైన 'కుట్ర' అని రాయాలి. ఈలోగా ఎవరో పుణ్యాత్ముడు పేజీని బాగుచేసేసి ఉంటాడు. స్క్రీన్‌షాట్ మాత్రం పండగ దాకా తిరుగుతూనే ఉంటుంది.

ఇక కలెక్షన్ల పురాణం. పెద్ద హీరో సినిమా విడుదలైన వారం, ఇంగ్లీషు వికీపీడియాలో దాని పేజీ చరిత్ర తెరవండి. వసూళ్ల గడిలో 180 కోట్లు. కాసేపటికి 210. మార్చినవాడికి పేరు లేదు, ఆధారం లేదు, అభిమానం ఉంది. ఇంకొకడొచ్చి 140 చేస్తాడు. మళ్లీ 210, ఈసారి పక్కన నిర్మాత వేయించిన పోస్టరు సాక్ష్యం. పోస్టరే సాక్ష్యమైతే తెలుగునాట ఫ్లాపైన సినిమాయే లేదు. తెల్లారేసరికి 240. థియేటర్లు తలుపులేసుకున్న వేళ ముప్పై కోట్లు రాబట్టే విద్య మనకొక్కళ్లకే అబ్బింది.

ఆ తరవాత ఇద్దరూ నిర్వాహకుల దగ్గరికి పరుగు. 210 వాడికి 140 వాడు దుశ్చర్యకారి, అంటే కావాలని పేజీ చెడగొట్టేవాడు; 140 వాడికి 210 వాడు. ఫిర్యాదులు రెండూ ఒకే చేత్తో రాసినట్టుంటాయి: "సర్ అర్జెంట్, మా హీరో మీద ద్వేషంతో చేస్తున్నాడు, శాశ్వతంగా నిరోధించండి." ఆధారం అడిగితే ట్రేడ్ అనలిస్టు ట్వీటు చూపిస్తారు. ఆ అనలిస్టుకు ఆధారం ఏమిటయ్యా అంటే అదే పోస్టరు. రేపు ఏ వెబ్‌సైటువాడో వికీపీడియా చూసి ఆ అంకె వేస్తాడు. ఎల్లుండి ఆ వెబ్‌సైటే వికీపీడియాకి ఆధారం. లెక్కలు తేలిపోయాయి, పాలాభిషేకం చెయ్యండి.

ఈ దుశ్చర్య ముద్ర వెయ్యడంలో తెలివి లేకపోలేదు. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాడి మార్పును వెనక్కి తిప్పితే ఇంగ్లీషు వికీపీడియాలో నిరోధం పడొచ్చు. స్పష్టమైన దుశ్చర్యను తిప్పడానికి మాత్రం ఆ లెక్క లేదు. అందుకని, నచ్చని ప్రతి మార్పుకీ ముందుగానే దుశ్చర్య అని పేరు పెట్టేస్తే ఎన్నిసార్లయినా తిప్పుకోవచ్చని వీళ్ల ఎత్తుగడ. మంచి ఉద్దేశంతో చేసిన మార్పు తప్పయినా అది దుశ్చర్య కాదని వికీపీడియా దుశ్చర్య విధానంలోనే రాసుంది. చదివిందెవరు?

రాజకీయ నాయకుల పేజీల్లోనూ ఇదే తంతు: కులం చేర్చేవాడొకడు, తీసేసేవాడొకడు, ఇద్దరూ ఫిర్యాదుదారులే.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఈ చెత్తంతా ఎత్తేది జీతం లేని మనుషులు. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి పిల్లలు పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు. తెలుగు వికీపీడియాలో నిర్వాహకులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ల టైము మీ హీరో వసూళ్ల పంచాయితీకి రాసిచ్చారా? సమాధానం అరగంట ఆలస్యమైతే "నిర్వాహకుడూ వాళ్ల మనిషే" అనడానికి సిగ్గుండాలి.

2022 సెప్టెంబరులో ఆసియా కప్‌లో పాకిస్తాన్ మీద క్యాచ్ వదిలేశాడని భారత క్రికెటర్ అర్ష్‌దీప్ సింగ్ పేజీలో ఎవడో ఖలిస్తాన్ రాతలు రాశాడు. నీచమైన పని. దాన్ని నిమిషాల్లో తుడిచేసింది వాలంటీర్లు. ఆ తరవాత కేంద్ర ఐటీ శాఖ వికీపీడియావాళ్లను వివరణకు పిలిచింది, టీవీలు గగ్గోలు పెట్టాయి. తుడిచినవాళ్లకు మాత్రం ఒక్కరూ థాంక్స్ చెప్పలేదు.

నిజంగా కొంపముంచే దుశ్చర్య చప్పుడు చెయ్యదు. 2005లో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌కు కెనడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందని అనుమానించారంటూ ఎవడో ఆయన పేజీలో అబద్ధం రాస్తే, నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. అదీ రిపోర్టు కొట్టాల్సిన సంగతి. అక్కడ కాపలాకి ఏ సైన్యమూ లేదు.

ఇక్కడా అంతే. తెలుగు వికీపీడియాలో వేల గ్రామాలకు పేజీలున్నాయి. చాలావాటిలో ఇంకా 2011 జనాభా లెక్కలే. వాటిలో ఎవడైనా బడి పేరు మార్చేసినా, సర్పంచి పేరు తీసి తన పేరు పెట్టుకున్నా, ఏ గ్రూపులోనూ పిలుపు రాదు. ఊరికి అభిమాన సంఘం లేదు మరి.