మూడో అంశం: కుక్కలు

హైదరాబాద్‌లో ఓ కాలనీ సంక్షేమ సంఘం. ఆదివారం ఉదయం 10 గంటలకు సర్వసభ్య సమావేశమని నోటీసు. పదింటికల్లా వచ్చినవాళ్లు ఇద్దరు: కార్యదర్శి గారు, షామియానా కుర్రాడు. పదిన్నరకు సమోసాల వాసన రెండో వీధి దాకా వెళ్లాక కోరం నిండింది.

కార్యదర్శి గారు రిటైరైన తెలుగు మాస్టారు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘమే అయినా, ఆయన చేతిలో ఉన్న అధికారమల్లా ఓ లెటర్‌హెడ్ల కట్ట, రబ్బరు స్టాంపు, సగం చిరిగిన రశీదు బుక్కు. బాధ్యతలకు మాత్రం లోటు లేదు.

మొదటి అంశం నీళ్లు. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం కింద ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమని, దానికి మీటరు పనిచేయాలని, నల్లా కనెక్షన్ (క్యాన్) నంబరుకు ఆధార్ జోడించుకోవాలని మాస్టారు మరోసారి చదివి వినిపించారు.

"నీళ్లే రాకపోతే మీటరెలా తిరుగుతుంది మాస్టారూ?" అన్నారు వెనక వరుసలోంచి ఒకాయన.

"మాది గాలికి కూడా తిరుగుతుందండీ!" అంది పక్కింటావిడ.

రెండో అంశం ఆస్తి పన్ను. ఏప్రిల్లో కడితే 5 శాతం రాయితీ. దీనిమీద చర్చ జరగలేదు. రాయితీ విషయంలో మతిమరుపు ఉన్నవాళ్లు ఆ కాలనీలో లేరు.

మూడో అంశం దగ్గరే షామియానా కదిలింది. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో 20వది ఒకటుంది. వీధి కుక్కలకు తిండి పెట్టే ఏర్పాట్ల బాధ్యతను అది నివాసుల సంఘాల మీద కూడా పెట్టింది. పైగా తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే జాగాకు, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా ఉండాలి. పిల్లలు, పెద్దవాళ్లు తిరగని వేళ చూసి పెట్టాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దని, వార్డుల్లో అందుకు స్థలాలు కేటాయించాలని చెప్పింది. టీకా వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్కల్ని, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మినహాయించి, పట్టుకొచ్చిన చోటే వదలాలనీ అంది.

"అంటే మన కుక్కలు మనకే వస్తాయి" అని తేల్చారు కోశాధికారి, కరెంటు బిల్లు గురించి చెప్పినంత నిర్వేదంగా.

ఇక స్థలం వెతకాలి. పార్కు దగ్గర పిల్లలు. గుడి పక్కన పూలకొట్టు. ట్రాన్స్‌ఫార్మర్ కింద వద్దని కుక్కల తరఫున ఒక కాలేజీ అమ్మాయి అభ్యంతరం చెప్పింది. మిగిలిన ప్రతి జాగా ఎవరో ఒకరి గేటు ముందే ఉంది. కాలనీలో ఖాళీ స్థలం లేదని బిల్డర్లు ఎప్పటినుంచో చెబుతున్నదే నిజమని ఆరోజు రుజువైంది.

చివరికి మాస్టారి ఇంటి ప్రహరీ పక్క సందు ఖాయమైంది. తీర్మానం ఏకగ్రీవం. మాస్టారు మినిట్స్ రాసుకుంటూ ఉండటంతో చెయ్యెత్తి వద్దనే వీలు చిక్కలేదు. తన ఇంటి గుమ్మంలోకి తానే తెచ్చుకున్న ఆ వాక్యాన్ని మాత్రం వ్యాకరణ దోషం లేకుండా రాశారు.

అన్నం పెట్టేవాళ్లకు ఒక్క విన్నపం. ఉదయం ఆరింటిలోపే పెట్టేయండి. మాస్టారు ఆరున్నరకు నడకకు బయల్దేరతారు.