ఫీజు సున్నా, రేటు సంగతి అడక్కండి

రాజోలుకి దగ్గర్లో ఓ ఊళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారొకాయన ఉన్నారు. పొద్దున్నే ఊరంతా పేపర్లో రాశిఫలాలు చూసుకుంటుంటే ఆయన డాలరు రేటు చూసుకుంటారు. కొడుకు డల్లాస్‌లో, కూతురు సింగపూర్‌లో. ఇంట్లో పనిచేసే అమ్మాయి అక్క కువైట్‌లో. ఎదురింటాయన కొడుక్కి ఈ ఏడే అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఆ వీధిలోకి డబ్బు రావాలన్నా, వీధి దాటి దేశం దాటాలన్నా మాస్టారి అరుగు మీద పంచాయితీ జరగాల్సిందే. సలహా ఉచితం. కాఫీ మాత్రం మాస్టారి భార్య పెట్టాలి కాబట్టి, ఆవిడ దృష్టిలో ఉచితం కాదు.

పంచాయితీకి ఆధారం ఓ లాంగ్ నోట్‌బుక్. ఎవరు, ఏ తేదీన, ఎంత పంపారు, ఇక్కడ ఎంత దిగింది అన్నీ అందులో ఉంటాయి. ఎంత దిగింది అన్న గడి కింద ఎర్ర గీత ఉంటుంది. ఎందుకంటే డబ్బు పంపించే కంపెనీలన్నీ ఎంత ఫీజో పెద్ద అక్షరాల్లో చెప్తాయి, ఏ రేటో చిన్న అక్షరాల్లో చెప్తాయి. ఎంత దిగుతుందో చూసుకోవాల్సింది మనమే.

ఉదాహరణకి గూగుల్‌లో డాలరు 90 రూపాయలుందనుకుందాం. ఒక కంపెనీ ‘ఫీజు సున్నా’ అంటుంది, రేటు 88 రూపాయల 90 పైసలు ఇస్తుంది. ఇంకో కంపెనీ అయిదు డాలర్ల ఫీజు అంటుంది, రేటు 89 రూపాయల 95 పైసలు ఇస్తుంది. డల్లాస్ కుర్రాడు సున్నా చూసి మొదటిదానికి వెయ్యి డాలర్లు కొట్టాడు. తండ్రికి 88,900 వచ్చాయి. ఫీజు కట్టి రెండోదాంట్లో పంపితే 89,500 వచ్చేవి. ఫీజు లేనందుకు పోయింది ఆరొందలు. పులస చేప కోసి ముక్కలు చేసిచ్చినందుకు డబ్బులేమీ తీసుకోనని చెప్పి, ఆ సంగతి తూకంలో చూసుకునే బేరం ఇది. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పాల్సి రావడమే మాస్టారి బాధ.

కుర్రాడూ తక్కువ తినలేదు. కొత్తగా చేరేవాళ్ళకి మొదటిసారికి మాత్రం మంచి రేటిచ్చే కంపెనీలున్నాయని పట్టాడు. రెండోసారికి ఆ రేటుండదు. అప్పటికి కోడలి పేరుమీద మళ్ళీ మొదటిసారి. అలా ఇద్దరూ కలిసి అమెరికాలో ఉన్న యాప్‌లన్నిటికీ కొత్తవాళ్ళయిపోయారు. ఇక కొత్త కంపెనీ పుడితే తప్ప కొత్తవాళ్ళయ్యే దారి లేదు.

అంతకుముందు ఒకసారి ‘పద్ధతిగా’ బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపుదామని వైర్ చేశాడు. వెయ్యి బయల్దేరింది. దార్లో ఇరవై అయిదు డాలర్లు తప్పిపోయాయి. అక్కడి బ్యాంకుని అడిగితే మేం పూర్తిగా పంపాం అంది. ఇక్కడి బ్యాంకుని అడిగితే మాకొచ్చిందంతా వేశాం అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. స్విఫ్ట్ అని 1973లో బెల్జియంలో పుట్టిన వ్యవస్థ ఉంది కదా, అది డబ్బు మొయ్యదు, ఫలానావాడికి ఇంత ఇవ్వండి అనే కబురు మాత్రమే మోస్తుంది. రెండు బ్యాంకులకీ ఒకదాంట్లో ఒకదానికి ఖాతా లేకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు తగులుతుంది. ఒక్కోసారి ఇంకోటీ తగులుతుంది. తగిలినవాడల్లా తన చెయ్యి తడుపుకుంటాడు. ఆ ఖర్చు ఎవరిదో తేల్చడానికి ఫారంలో అవర్, షా, బెన్ అని మూడు గడులుంటాయి. అవర్ అంటే ఖర్చంతా పంపేవాడిది, షా అంటే ఎవరి వైపు ఖర్చు వాళ్ళది, బెన్ అంటే అందుకునేవాడిది. కుర్రాడు షా అంటే ఏ గుజరాతీ మేనేజరు పేరో అనుకుని టిక్కు పెట్టాడట.

ఫారాల సంగతి వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. డబ్బు ఆగిపోవడానికి అంతర్జాతీయ కారణాలు పెద్దగా ఉండవు, ఓ సున్నా చాలు. మన బ్యాంకుల ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి. అందులో అయిదోది ఎప్పుడూ సున్నాయే. అక్కడ ఇంగ్లీషు ‘ఓ’ కొట్టేవాళ్ళు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. గల్ఫ్ నుంచి పంపేవాళ్ళకి ఇంకో తిప్పలు: ఐబాన్ నంబరు అడుగుతారు. అది యూరప్‌లో ఉంది, గల్ఫ్ దేశాల్లో ఉంది, మనకి లేదు. లేని నంబరు కోసం బ్యాంకుకి వెళ్ళి, ఇవ్వలేదని కౌంటరు మీద గొడవపడి వచ్చినవాళ్ళు ఆ వీధిలోనే ఉన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, పేర్లు ఒక ఎత్తు. అన్నవరం దేవుడి దయవల్ల గోదావరి జిల్లాల్లో సగం మంది మగవాళ్ళ పేర్లకి ముందు వి.వి.ఎస్.ఎన్. ఉంటుంది. పాస్‌బుక్కులో పొడి అక్షరాలు, ఆధార్‌లో వీర వెంకట సత్యనారాయణ అని పూర్తిగా, పాన్ కార్డులో ఇంటిపేరు ఆఖర్న. యాప్‌లో ఉండేవి రెండే గడులు, ముందు పేరు, వెనక పేరు. సత్యదేవుడు రెండు గడుల్లో పట్టడు. ‘మీ తండ్రిగారి పేరు ఖాతాలో పేరుతో సరిపోలేదు’ అని కంపెనీ నుంచి మెయిలొచ్చిన రోజున, తాను తానేనని రుజువు చేసుకోవడానికి మాస్టారు మూడు కార్డులూ పక్కపక్కన పెట్టి ఫొటో తీయించుకోవాల్సి వచ్చింది.

కువైట్ వ్యవహారం వేరు. అక్కడ యాప్‌లు, ఆఫర్లు అని పోల్చుకుని చూసేంత తీరిక లేదు. సెలవు దొరికిన రోజున ఎక్స్చేంజి ముందు లైన్లో నిలబడాలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి కువైట్ 2016లో నిర్ణయించిన కనీస జీతం నెలకి 60 దినార్లు. దినారు మూడు డాలర్ల పైమాటే కాబట్టి అది దాదాపు 200 డాలర్లు. విచిత్రం ఏమిటంటే, దేశాల మధ్య డబ్బు పంపే ఖర్చుని కొలవడానికి ప్రపంచ బ్యాంకు వాడే కొలబద్ద కూడా సరిగ్గా 200 డాలర్లే. ఆ లెక్కన ప్రపంచ సగటు ఖర్చు ఆరు శాతం పైనే ఉంటూ వస్తోంది. అంటే వందకి ఆరు దార్లోనే ఖర్చు. 2030కల్లా దాన్ని మూడు శాతం లోపుకి దించాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. అన్నిటికన్నా ఎక్కువ తీసుకునేవి బ్యాంకులేనని ప్రపంచ బ్యాంకు నివేదికలే చెప్తుంటాయి. గల్ఫ్ నుంచి మన దేశానికి పోటీ ఎక్కువ కాబట్టి ఖర్చు ఆ సగటు కన్నా తక్కువ. అయినా ఎంత పంపినా ఛార్జీ ఒక్కటే అయినప్పుడు, తక్కువ పంపేవాళ్ళకే దెబ్బ. ఛార్జీ ఒక్క దినారే అనుకున్నా 60 దినార్లకి అది ఒకటిన్నర శాతం దాటుతుంది. 600 పంపే ఇంజనీరుకి లెక్కలోకే రాదు.

“మాస్టారండీ, అక్క రెండు నెలలది కలిపి పంపుతానంటందండి. చార్జీ ఒకటే అవుద్దంటండి” అంది పనమ్మాయి. నోట్‌బుక్ తెరవకముందే లెక్క తేలిపోయేసరికి మాస్టారు కాస్త చిన్నబుచ్చుకున్నారు.

సముద్రం దాటి సంపాదించడం గోదావరి తీరానికి కొత్తేం కాదు. గల్ఫ్ కన్నా ముందు రంగం ఉండేది, అంటే రంగూన్. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1880లో మొదలైన తపాలా మనియార్డరు అక్కణ్ణుంచి కూడా ఇంటికి చేరేది, మధ్యలో రేటు అనే గొడవ లేకుండా. అక్కడా రూపాయే, ఇక్కడా రూపాయే. ఆ రోజులు తల్చుకుంటే మాస్టారికి బ్రిటిష్‌వాడి మీద కూడా రవ్వంత అభిమానం పుట్టుకొస్తుంది. వెంటనే సర్దుకుంటారు.

ఇప్పుడిక అసలు విషయం. ఇది ఫోన్లో మాట్లాడుకోరు, పెళ్ళిళ్ళలో రెండో బంతి అయ్యాక పక్కకి పిలిచి అడుగుతారు. “మీవాడు అక్కడ మావాడికి డాలర్లిచ్చేస్తే, ఇక్కడ మీకు నేను రూపాయలిచ్చేస్తాను మాస్టారూ. ఏ కంపెనీకీ పైసా పోదు, మధ్యలో రేటు మన ఇష్టం.” అడిగింది ఎదురింటాయనే. వినడానికి ఇంత న్యాయమైన బేరం ఇంకోటి ఉండదు. కానీ 1999 నాటి ఫెమా చట్టం దీన్ని ఒప్పుకోదు. విదేశంలో ఉన్నవాడి తరఫున ఇక్కడ చెల్లింపు జరగాలంటే అనుమతి ఉన్న సంస్థ ద్వారానే జరగాలి. పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఆరొందలు మిగుల్చుకోబోతే దాదాపు మూడు లక్షలకి ఎసరు.

ఇదే బేరానికి ఇంకో కథుంది. 2011లో లండన్‌లో ఇద్దరు ఎస్టోనియా కుర్రాళ్ళు ఓ కంపెనీ పెట్టారు. ఒకాయనకి జీతం యూరోల్లో, ఖర్చేమో లండన్ పౌండ్లలో. రెండో ఆయనకి జీతం పౌండ్లలో, స్వదేశంలో ఇంటి అప్పు యూరోల్లో. నెలనెలా ఒకరి ఖాతాలో ఒకరు అసలు రేటుకి వేసుకునేవారు. బ్యాంకుకి దమ్మిడీ పోయేది కాదు. ఆ కిటుకునే కంపెనీగా మార్చి ట్రాన్స్‌ఫర్‌వైజ్ అని పేరు పెట్టారు, ఇప్పుడది వైజ్. 2021లో లండన్ స్టాక్ ఎక్స్చేంజీకి ఎక్కింది.

“మన పెళ్ళిపందిట్లో చేస్తే నేరం, లండన్‌లో చేస్తే స్టార్టప్పా?” అన్నాడు ఎదురింటాయన.

“వాళ్ళు లైసెన్సు తీసుకున్నారయ్యా. నువ్వు పందిట్లో మొదలెట్టావు” అన్నారు మాస్టారు.

2025 మే నెల మాత్రం అరుగు మీద ఎవరికీ నిద్ర లేదు. అమెరికాలో ఉన్న పౌరులు కానివాళ్ళు బయటి దేశాలకి పంపే డబ్బు మీద అయిదు శాతం పన్ను వేస్తారని అక్కడి బిల్లులో పెట్టారు. తర్వాత మూడున్నర అన్నారు. జులై 4న చట్టమయ్యేసరికి ఒక శాతానికి దిగింది, అదీ 2026 జనవరి 1 నుంచి, అదీ నోట్లు, మనియార్డరు, క్యాషియర్స్ చెక్కు ఇచ్చి పంపేవాళ్ళకి మాత్రమే. బ్యాంకు ఖాతా నుంచో, అమెరికా డెబిట్ కార్డు మీదో పంపితే లేదు. ఈ ఆఖరి ముక్క మాత్రం వాట్సాప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో మన దేశానికొచ్చిన విదేశీ సొమ్ములో అమెరికా వాటా 27.7 శాతం, ఎమిరేట్స్‌ది 19.2. తెలంగాణకి 8.1 శాతం, ఆంధ్రకి 4.4 శాతం చేరాయి. అంచేత అమెరికా పార్లమెంటులో తుమ్మితే రాజోలులో జలుబు రావడం సహజమే.

సింగపూర్ కూతురి ఖాతాకి నోట్‌బుక్‌లో అర పేజీ కూడా పట్టలేదు. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐని అక్కడి పేనౌతో కలిపారు. రోజుకి వెయ్యి సింగపూర్ డాలర్ల దాకా యూపీఐ ఐడీ చూసి పంపెయ్యొచ్చు. డబ్బు టక్కున పడుతుంది, గొడవ లేదు, ఫిర్యాదు లేదు. మాస్టారికి ఇందులో ఆసక్తికరమైనదేమీ దొరకలేదు.

బయటికి పంపడంలో ఉన్న మజా వేరు. ఎవరైనా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకు స్కీము. 2004లో మొదలైనప్పుడు ఆ పరిమితి పాతిక వేలే. కానీ ఎందుకు పంపుతున్నావో కోడ్‌లో చెప్పాలి. చదువుకి ఎస్ 0305, బహుమతికి ఎస్ 1302. కోడ్ తేడా వస్తే పన్ను తేడా వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో పది లక్షలు దాటిన సొమ్ము మీద టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటున్నారు. 2025-26 లెక్కలో సొంత డబ్బుతో చదువుకైతే అయిదు శాతం, బ్యాంకిచ్చిన విద్యారుణమైతే అసలు లేదు, బహుమతిగా పంపితే ఇరవై శాతం. ఎదురింటాయన కొడుక్కి ఇరవై లక్షలు పంపాలి. ఫారంలో ‘నా కొడుక్కి ప్రేమతో ఇస్తున్నాను’ అని బహుమతి గడిలో టిక్కు పెట్టబోయాడు. మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. చదువు అని రాస్తే యాభై వేలు, ప్రేమ అని రాస్తే రెండు లక్షలు. ఆ పన్ను తర్వాత రిటర్నులో సర్దుబాటవుతుంది, నిజమే, కానీ అప్పటిదాకా డబ్బు చేతిలో ఉండదు. దీనికి తోడు కరెన్సీ మార్చినందుకు జీఎస్టీ. అది కనీసం 45 రూపాయలు, ఎంత పంపినా 10,800 దాటదు.

ఇన్ని తప్పించుకున్నాక రూపాయి దెబ్బ కొట్టింది. 2025 డిసెంబరులో డాలరు తొంభై దాటింది. ఆ పూట డల్లాస్ నుంచి వచ్చిన డబ్బు చూసి మాస్టారు నవ్వుకుంటుంటే, గోడకి అవతల ఎదురింటాయన రెండో సెమిస్టరు ఫీజు కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

“మాస్టారూ, ఇవాళ కట్టెయ్యమంటారా, తగ్గేదాకా ఆగమంటారా?”

“అది చెప్పగలిగితే నేను లెక్కలెందుకు చెప్పానయ్యా, జాతకాలే చెప్పేవాణ్ణి.”

“పోనీ సగం ఇవాళ, సగం వచ్చేవారం?”

రెండుసార్లు పంపితే రెండు స్విఫ్ట్ ఛార్జీలు, రెండు జీఎస్టీలు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కొత్త పేజీ తిప్పారు. లోపల్నుంచి ఆయన భార్య ఎన్ని కాఫీలో అడిగారు.