ఒక లోయర్ ఆర్మ్ బుష్ ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది విశాఖపట్నంలో ఒక చిన్న కారుకు పనిచేసిన రబ్బరు బుష్. ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కు లోపలి కొసన దాని చోటు. ‘నేను’ అనకుండా ‘ఈ బుష్’ అనే చెప్పుకుంటుంది. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, రెంటి నడుమ రబ్బరు. ఆ మూడూ కలిస్తేనే తాను అని దానికి తెలుసు.

మూడింటినీ ఒకటి చేసింది వేడి. చెట్టు పాల నుంచి వచ్చిన రబ్బరు ఎండకు బంకలా సాగేది, చలికి పెళుసెక్కేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేసి ఆ గుణం మాన్పించాడు. 1844లో పేటెంటు పొందాడు. ఈ బుష్ కూడా అచ్చులో అలా ఉడికిందే. ఆ ఉడుకులోనే రబ్బరు రెండు గొట్టాలనూ కరుచుకుంది.

బుష్ లోపల బోల్టు తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. తిరగదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్ రేకుల మధ్య కదలకుండా నొక్కుకుపోతుంది. బయటి గొట్టం ఆర్మ్ కన్నంలో బిగువుగా దిగి ఉంటుంది. గతుకులో చక్రం లేచినప్పుడు నడుమ ఉన్న రబ్బరే మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. గ్రీజు అడగదు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన స్ట్రట్, 1950లో బ్రిటన్‌లో ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లతో వాడుకలోకి వచ్చాక, చిన్న కార్లలో పై ఆర్మ్ అవసరం తీరిపోయింది. చక్రం కింది భాగాన్ని నిలబెట్టే బాధ్యతంతా కింది ఆర్మ్‌దే. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ తాకిడి ఈ బుష్ మీదికే వచ్చేది.

దాన్ని ఓడించింది గతుకులు కావు, గాలి. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. బీచ్ రోడ్డు మీద తిరిగే బండి అడుగున ఆ తుంపర చేరి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉండి తేమను పట్టి ఉంచుతుంది, తుప్పును త్వరపెడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ కారు ఆరుబయటే ఉంది. అయితే నేరమంతా ఆ ఒక్క రోజుది అనడం న్యాయం కాదు, ఏటా పడ్డ వానలకూ అందులో వాటా ఉంది. ఇనుము తుప్పుగా మారితే దానికి మునుపటి కంటే రెండింతలకు మించి చోటు కావాలి. బోల్టుకూ లోపలి గొట్టానికీ మధ్య అంత చోటెక్కడిది? బయటి గొట్టానికీ కన్నానికీ మధ్య అసలే లేదు. ఉబ్బిన తుప్పు రెండు చోట్లా బిగుసుకుంది.

రబ్బరు చీలింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర టక్‌టక్ మొదలైంది, బ్రేకు వేస్తే స్టీరింగ్ ఒక పక్కకు లాగింది.

కారు యజమాని, ఆయన కూతురు పని ఇంట్లోనే చేద్దామనుకున్నారు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టారు, జాకు లేపి కింద స్టాండ్లు పెట్టారు. జాకును ఒక్కదాన్నే నమ్మి కారు కిందకు దూరకూడదు. కూతురు పానా వేసి లాగింది, బోల్టు కదిలింది. చెయ్యి తీయగానే వెనక్కి తిరిగింది.

“నాన్నా, వదిలిందనుకున్నాను.”

“అది బోల్టు కాదమ్మా. గొట్టంతో సహా తిరిగి, రబ్బరు మెలి పడి వెనక్కి లాగుతోంది.”

ఆయన మాట నిజం. బోల్టు, గొట్టం తుప్పుతో ఒకటైపోయాక ఎంత తిప్పినా రబ్బరే నలుగుతుంది. సుత్తితో కొడితే బోల్టు కొస విచ్చుకుని మరింత ఇరుక్కుంటుంది. డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలారు. 1953లో శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ క్షిపణి పైరేకును తుప్పు నుంచి కాపాడటానికి చేసిన ద్రవమది. పైపై తుప్పయితే అది చాలు. ఏళ్ల తరబడి పేరుకున్నదాన్ని వదిలించలేకపోయింది. చివరికి గొట్టం కొసకూ బ్రాకెట్‌కూ మధ్య హాక్‌సా బ్లేడు దూర్చి రెండు పక్కలా బోల్టునే కోశారు. బాల్ జాయింట్ విడదీసి ఆర్మ్‌ను వైస్‌లో బిగించారు.

గాజువాక ఆటోనగర్‌కు తీసుకెళ్తే అక్కడి ప్రెస్సు నిమిషాల్లో తోసేసేది. ఇంట్లో ప్రెస్సు లేదు. మర రాడ్డు, రెండు సాకెట్లు, నట్లతో లాగి చూస్తే రాడ్డు మరలే అరిగాయి. రబ్బరు తగలబెడితే సులువని కొందరంటారు. ఆ పొగ పీల్చదగ్గది కాదు కాబట్టి వాళ్లు ఆ దారి పట్టలేదు. రబ్బరులో చుట్టూ డ్రిల్లుతో బెజ్జాలు వేసి లోపలి గొట్టాన్ని తోసేశారు. మిగిలింది బయటి గొట్టం ఒక్కటే. బ్లేడును కన్నంలోంచి దూర్చి ఫ్రేముకు మళ్లీ తగిలించి, లోపలి నుంచి గొట్టాన్ని నిలువుగా కోయసాగింది కూతురు. ఉక్కు పొడి తెల్లగా రాలుతున్నంత సేపు అది గొట్టమే. ఎర్రటి తుప్పు పొడి కనబడగానే ఆపాలి, దాటితే ఆర్మ్ కన్నానికే గాటు పడుతుంది. ఆమె సరిగ్గా అక్కడే ఆపింది. చీలికలో ఉలి మొన పెట్టి అంచును లోపలికి వంచగానే గొట్టం ముడుచుకుంది. ఈ బుష్‌ను అంతకాలం పట్టి ఉంచింది దాని గుండ్రదనమే. వలయం తెగాక తుప్పుకు ఆనుకునేందుకు ఏమీ మిగల్లేదు, రెండు చిన్న దెబ్బలకే ఊడింది.

కన్నాన్ని ఎమరీ కాగితంతో తోమారు. కొత్త బుష్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచారు. 40 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం 30 డిగ్రీల నుంచి మైనస్ 18కి చల్లబడితే సుమారు 0.02 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. చూడ్డానికి అది లెక్కలోకి రాదు, బిగువుగా దిగేచోట అంతైనా సాయమే. కొత్త రాడ్డుతో, బయటి గొట్టం అంచు మీదే బలం పడేలా లాగి ఎక్కించారు. ఇంజనాయిలు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది కాబట్టి సబ్బు నీళ్లే వాడారు.

“బోల్టు ఇప్పుడే బిగించేయనా నాన్నా?”

“వద్దమ్మా, చేత్తో తిప్పి వదిలేయ్. కారు దింపాక బిగిద్దాం.”

చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే స్థిరపడుతుంది. కారు నేల మీద నిలబడగానే, బండి కదలకుండానే, మెలి పడి ఉంటుంది, త్వరగా చీలుతుంది. వాళ్లు కారును దించి, బరువు చక్రాల మీద పడ్డాక, కొత్త బోల్టును మాన్యువల్లో చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించారు. మర్నాడు వీల్ అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లారు. రెండో పక్క బుష్ కూడా ఊడిన ఈ బుష్ కాలంనాటిదే, దాని బోల్టుకు అప్పుడే ఆయిల్ పెట్టి ఉంచారు.