బావమరిది, బండి, బీమా

అమెరికాలో మీ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారని జనాభా లెక్కలవాళ్లు పదేళ్లకోసారి అడుగుతారు. కారు ఇన్సూరెన్సువాళ్లు ఆరు నెలలకోసారి అడుగుతారు. లెక్కలవాళ్లకి బావమరిది సంగతి చెప్పడం మరిచిపోయినా మన సొమ్మేం పోదు. వీళ్లకి చెప్పడం మరిచిపోతే మాత్రం, ఎవరి బంపరో పగిలిన రోజున వాళ్లే గుర్తుచేస్తారు.

మా బావమరిది యూటీ డల్లాస్‌లో ఎమ్మెస్ చేయడానికి వచ్చి, ఫ్రిస్కోలో మా ఇంట్లో దిగాడు. "ఏవండీ, తమ్ముణ్ణి మన ఇన్సూరెన్సులో వేయించండి" అంది మా ఆవిడ, రేషన్ కార్డులో పేరెక్కించినంత తేలిగ్గా. ఆవిణ్ణి అనడానికి లేదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అంటుంది గానీ, ఆ బీమా బండికి. కారు ఇంజను ఎన్ని సీసీలో చూసి సొమ్ము కట్టించుకుంటారు. లైసెన్సు ఉంటే చాలు, మామగారైనా, మామగారి తోడల్లుడైనా, పెళ్లిళ్ల సీజన్లో పిలిపించిన డ్రైవరైనా ఎక్కి నడపొచ్చు. పాలసీ కాగితం మీద వాళ్ల పేర్లు అక్కర్లేదు. ఇక్కడ బండితోపాటు నడిపేవాణ్ణీ నిలువునా పరీక్షిస్తారు.

మా ఏజెంటు వరంగల్ వైపు ఆయన. ఫోన్ చేశాను.

"ఆయన మీ ఇంట్లనే ఉంటడా అన్నా?"

"చుట్టపుచూపుగా వచ్చాడండీ."

"ఎన్ని రోజులు?"

"రెండేళ్లు."

ఆయన నవ్వలేదు. ఎప్పుడైనా మనల్ని అడిగి కారు తీసుకెళ్లే స్నేహితుడికైతే మామూలుగా మన పాలసీయే సరిపోతుందట. మన ఇంట్లోనే నిద్రపోయేవాడికి కారు తాళాలు రాత్రింబవళ్లు చేతికందేలా ఉంటాయి గనక, వాణ్ణి పాలసీలో చేర్చాలి. లేదా పేరు రాసి మరీ మినహాయించాలి. మధ్యేమార్గం లేదు.

"ఇక్కడి లైసెన్స్ ఎప్పుడొచ్చింది?"

"పోయిన గురువారం."

"అయితే అనుభవం సున్నా రాస్తున్న."

పక్కన వీడియో కాల్‌లో ఉన్న మా అత్తగారికి ఆ సున్నా వినపడింది. "అదేంటి అల్లుడుగారూ! మావాడు నాలుగేళ్లు విజయవాడ బెంజి సర్కిల్లో కారు తిప్పాడండీ. ఆ ఏజెంటుని ఒక్కసారి వచ్చి తిప్పమనండి!" న్యాయమైన మాటే. నలువైపుల నుంచీ దూసుకొచ్చే ఆటోలని తప్పించుకుని బందరు రోడ్డెక్కినవాడికి టెక్సాస్ హైవే ఒక లెక్కా? కానీ చాలా కంపెనీలు విదేశీ అనుభవాన్ని ఖాతాలో వేయవు. ఇరవై రెండేళ్ల మావాణ్ణీ, కొత్తగా లైసెన్సు పుచ్చుకున్న పక్కింటి పదహారేళ్ల కుర్రాణ్ణీ ఇంచుమించు ఒకే గాటన కట్టేశారు. మా రెండు కార్లకీ కలిపి ఎంత కడుతున్నామో, ఆ ఒక్క పేరుకి దాదాపు అంత అదనం.

"పోనీ మినహాయించండి" అన్నాను, మా ఆవిడ వంటింట్లోకి వెళ్లడం చూసి. ఆయన ఫారం పంపాడు. దాని మీద సంతకం పెడితే, ఆ పేరుగల మనిషి నా కారు నడుపుతుండగా ఏం జరిగినా కంపెనీ పైసా ఇవ్వదు. అర్ధరాత్రి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నా సరే, ఇవ్వదు. భార్య తమ్ముడు నా బండి ముట్టుకోడని, ఆ భార్య కళ్లముందే సంతకం పెట్టగల మగవాడు టెక్సాస్‌లో ఎక్కడైనా ఉండొచ్చు. మా వీధిలో లేడు.

ఆదివారం ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడిలో ఒక మిత్రుడు ఉచిత సలహా ఇచ్చాడు. "అసలు చెప్పకండి. ఎవరికి తెలుస్తుంది?" బావమరిది లైసెన్సు మీద అడ్రసు మా ఇంటిదే. ఇంకెవరికి తెలియాలి? ఆ మిత్రుడు తన కొత్త కారుకి వాహన పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నిశ్చింతగా వెళ్లిపోయాడు. టెక్సాస్ చట్టం మాత్రం నిమ్మకాయలు కాక డాలర్లు అడుగుతుంది. ఒకరికి గాయమైతే 30 వేలు, ప్రమాదం మొత్తానికి గాయాల కింద 60 వేలు, ఎదుటివాడి ఆస్తికి 25 వేలు కనీసం ఉండాలి. ఫ్రిస్కోలో గుద్దడానికి 25 వేలలోపు కారు దొరకాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. అందుకని ఆ కనీసాన్ని నేను బీమాగా లెక్కపెట్టను.

ఇక మిగిలినవి డిస్కౌంట్లు. పెళ్లయినవాళ్లకి ప్రీమియం కాస్త తగ్గుతుందని ఏజెంటు మాటవరసకి అన్నాడు. ఆ సాయంత్రానికల్లా అత్తగారు వాట్సాప్‌లో సంబంధాల బయోడేటాలు పంపడం మొదలుపెట్టారు. హవాయిలో, మసాచుసెట్స్‌లో పెళ్లిని చూసి ప్రీమియం లెక్కకట్టకూడదని తెలిసి, బావమరిది "బావగారూ, హవాయిలో ఎమ్మెస్ ఉందేమో చూద్దామా?" అన్నాడు.

బాగా చదివే కుర్రాళ్లకి ఇంకో తగ్గింపు ఉంది. పాతికేళ్లలోపు వయసు, ఫుల్‌టైమ్ చదువు, సగటున బి గ్రేడు ఉండాలి. ఈ మాట చెవినపడగానే విజయవాడ నుంచి కొరియర్ వచ్చింది. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మార్కుల మెమోలు, అన్నీ కలర్ జెరాక్సులు, ప్రతిదాని మీదా గెజిటెడ్ ఆఫీసర్ ముద్రా సంతకమూ. సందుల్లో కాకరకాయ కారం పొట్లాలు. "ఇంటర్ల తొంభై ఎనిమిది శాతమా! మంచిగనే చదివిండు" అని ఏజెంటు మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ఇక్కడి యూనివర్సిటీ గ్రేడ్లు వచ్చాక పంపమన్నాడు.

పేరెక్కించాను. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు వచ్చాక తగ్గింపూ వచ్చింది. పెరిగినదాని పక్కన పెట్టి చూస్తే అది కాకరకాయ కారం ఖర్చుకి సరిపోతుంది. అటెస్టేషన్ చేయించిన మెమోలు మాత్రం బీరువాలో భద్రంగా ఉన్నాయి. డల్లాస్ చుట్టుపక్కల మీ ఇన్సూరెన్సు కంపెనీ ఏదైనా వాటిని ఒప్పుకుంటుందంటే, దయచేసి కబురు చేయండి.