రూటరు తేటగీతి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మెదకు సీమ కొల్చారం వాడని చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాటిచ్చి పని మొదలుపెట్టాడు. మేఘసందేశం ముందు పెట్టుకున్నవాడికి ఆ నిగ్రహం చెల్లుతుంది. వైఫై రూటరు ముందు పెట్టుకున్నవాడికి చెల్లదు. ఇక్కడ మూలం అట్టపెట్టె అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ పెట్టె ఏనాడో కొబ్బరి డొక్కలతో పాటు నీళ్లపొయ్యిలోకి పోయి ఉంటుంది. అందువల్ల మూలపద్యం కూడా మేమే కట్టుకున్నాం. తన పద్యానికి తానే రాసుకునే వ్యాఖ్యను స్వోపజ్ఞం అంటారు. శాస్త్రం దాన్ని ఒప్పుకుంటుంది, ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.

సందర్భం కోనసీమది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న సీమ. కరెంటు స్తంభాల మీద ఆప్టికల్ ఫైబరు లాగి, నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల నెట్టు ఇంటికిచ్చే రాష్ట్ర ప్రభుత్వ పథకాన్ని 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 2020లో లాక్‌డౌన్ రాగానే హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగాలు ల్యాప్‌టాప్ సంచుల్లో అమలాపురం, రాజోలు, కొత్తపేట వచ్చి దిగాయి. మండువా లోగిలి అరుగు మీద అల్లుడి మీటింగు, వసారాలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు, వంటింట్లో కువైట్ నుంచి చెల్లెలి వీడియోకాలు. మూడూ ఒకే డబ్బా మీద. పద్యం పుట్టడానికి కావలసినంత శోకం అప్పటికే సమకూడింది.

మూలం

వేగ మెక్కువ పెట్టిన వీగిపోవు;
తగ్గి నడిపిన నిలకడ దక్కునండ్రు;
కొబ్బరాకుల తడి దాటి గోడ దాటి
వచ్చు నలలకుఁ బొరుగింటి వైరమేల?

తేటగీతి. వే–వీ, త–ద, కొ–గో, వ–వై యతులు. ఇంట్లో కుదిరినవి అవి మాత్రమే.

టీక

వేగము ఎక్కువ పెట్టినన్ = సెట్టింగులలో ‘40 మెగాహెర్ట్జ్’ అని గాని ‘హైస్పీడ్’ అని గాని యున్నదానిని ఎంచుకొన్నచో; వీగిపోవు = (రూటరు) ఓడిపోవును, అనగా ఫోనులో గీతలన్నియు నిండుగా చూపుచునే నెట్టు నీయకుండును; తగ్గి నడిపినన్ = చానలు వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు దించి నడిపినచో; నిలకడ = తెగకుండుట; దక్కున్ = లభించును; అండ్రు = (తెలిసినవారు) చెప్పుదురు; కొబ్బరాకుల తడి దాటి = వానకు తడిసిన కమ్మలను గడచి; గోడ దాటి = సున్నపు గోడను గడచి; వచ్చు అలలకున్ = రాదగిన రేడియో తరంగములకు; పొరుగింటి వైరము = ప్రక్కయింటి రూటరుతో తగవు; ఏల = ఎందులకు?

తాత్పర్యం

రూటరును గొప్ప వేగంలో పెడితే మాటిమాటికీ తెగిపోతుంది, వేగం తగ్గిస్తే నిలబడుతుంది. అసలే తడి ఆకులూ మందపాటి గోడలూ దాటి వస్తున్న తరంగాలకు పక్కింటితో పోట్లాట కూడానా అని భావం. బడిపిల్లలకు ఇంతవరకు చాలు. కేబులబ్బాయి కోసం ఎదురుచూస్తున్న గృహస్థులు కిందిది కూడా చదవాలి.

విశేషాలు

‘వేగము’ – పెట్టె మీద 300 అని లావుగా వేసి ఉంటుంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది మీమాంసకుల సమస్య. వేదవాక్యాల్లో చేయవలసింది చెప్పేది విధి అనీ, దాని మీద మనసు పుట్టడానికి పొగిడేది అర్థవాదం అనీ వాళ్లు విడదీశారు. పొగడ్తను అక్షరాలా పట్టుకుని యజ్ఞానికి కూర్చోకూడదు. 300 అర్థవాదం. రూటరుకు రెండు యాంటెనాలు, ఎదుట అంతే సత్తా ఉన్న ఫోను, 40 మెగాహెర్ట్జ్ వెడల్పు, చుట్టూ మరో రూటరు లేని బయలు, ఇవన్నీ దొరికినప్పుడు గాలిలో సాధ్యమయ్యే అంకె అది. దొరికినా తరంగాల పలకరింపులూ, ‘అందింది’ అనే రసీదులూ పోగా చేతికి వచ్చేది సగం, కాస్త పైన.

2009లో ఖరారైన 802.11ఎన్ అనే వైఫై ప్రమాణం ఈ 40ని శాస్త్రోక్తం చేసింది. అంతకు ముందు 2003 నాటి 802.11జీ వేగం 54 మెగాబిట్ల దగ్గర ఆగేది. అది చాలక కొందరు తయారీదారులు రెండు చానళ్లు కలిపేసి, టర్బో అని పేరు పెట్టి, 108 అని పెట్టె మీద అచ్చేశారు. అవీ తెగేవి. పద్యంలో చెప్పిన రోగం అంత పాతది.

మరి విధి ఏది? అప్పట్లో ఫైబరు మీద చాలా ఇళ్లకు వచ్చేది 15 గాని, 40 గాని. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో కూడా అదే డబ్బా గాలిలో 144 అని చూపిస్తుంది. కాలువలోంచి వచ్చే నీరు అంతే అయినప్పుడు బోదె వెడల్పు చేసి ఏం లాభమని ఈ సీమలో ఏ రైతూ అడగక మానడు. రూటరు దగ్గరికొచ్చేసరికి ఎవ్వరూ అడగరు. అడిగితే ఈ వ్యాఖ్య రాయవలసిన పనే ఉండేది కాదు.

40 పెడితే ఎందుకు వీగిపోతుందో చెప్పాలి. మన దేశంలో లైసెన్సు లేకుండా వైఫై వాడుకోవడానికి 2005లో విడిచిపెట్టిన బ్యాండు 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు. అంటే మొత్తం వెడల్పు 83.5. అందులో 20 చొప్పున ఒకదాన్నొకటి రాసుకోకుండా ఇమిడేవి మూడు, అవే 1, 6, 11 చానళ్లు. 40 పెట్టినవాడు ఒక్కడే సుమారు సగం ఆక్రమిస్తాడు. కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లే ప్రభను, అంటే దేవుణ్ణి నిలిపి మోసే పెద్ద చట్రాన్ని, తలుచుకోండి. ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వీధుల్లోంచి, చేలల్లోంచి వెళ్తాయి. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక ప్రవాహాన్ని దాటి మరీ వస్తాయి. ప్రభ సందులో ఉన్నంతసేపూ సైకిలు కూడా గోడకు ఆనుకుని ఆగవలసిందే. ఏడాదికి ఒక్కరోజు గనక అందరూ దండం పెట్టి ఆగుతారు. 40 పెట్టిన రూటరు రోజూ సాయంత్రం ప్రభ ఎత్తుకుని సందులోకి వస్తుంది, ఎదురింటివాడూ ఇంకో ప్రభ ఎత్తుకుని ఎదురు వస్తాడు.

వైఫై మాట్లాడబోయే ముందు చెవి ఒగ్గి వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. వెడల్పు ఎక్కువైన కొద్దీ పూర్తిగా నిశ్శబ్దంగా ఉన్న క్షణం దొరకడం కష్టం. పైగా అదే శక్తిని రెట్టింపు వెడల్పులో పరచడం వల్ల వెంట వచ్చే గోల కూడా రెట్టింపవుతుంది. పక్క గదిలో అందిన సిగ్నలు వంటింటికి అందదు. పొరుగు రూటర్లు వినిపిస్తే 40 నుంచి 20కి దిగాలని ప్రమాణంలోనే నియమం ఉంది. కొన్ని డబ్బాలు దాన్ని పాటిస్తూ దిగుతాయి, ఎక్కుతాయి, మళ్లీ దిగుతాయి. ఆ ఎక్కి దిగే సందులో అల్లుడిగారి మీటింగు పోతుంది. కొన్ని డబ్బాలు నియమాన్ని పక్కనపెట్టి మొండికేస్తాయి. అప్పుడు వీధిలో అందరి మీటింగూ పోతుంది.

‘వీగిపోవు’ – వీగింది ఎవరు? ఫైబరా, రూటరా, గాలా? నిర్ణయానికి ప్రమాణాలు మూడు. మొదటిది ప్రత్యక్షం. డబ్బా మీద ‘లాస్’ అనే చోట ఎర్రలైటు కొట్టుకుంటుంటే బయట తీగ తెగింది. కమ్మ విరిగి పడిందో, కొబ్బరి లోడు లారీ తగిలిందో, వైఫైని తిట్టకూడదు. ‘పాన్’ లైటు పచ్చగా నిలకడగా ఉంటే ఫైబరు నిర్దోషి.

రెండోది అనుమానం. ల్యాప్‌టాప్‌ను కేబులుతో నేరుగా డబ్బాకు కలపాలి. కేబుల్లో బాగా నడిచి గాలిలో తెగుతుంటే దోషం గాలిది. ఇంకా సూక్ష్మంగా చూడాలంటే, చాలా డబ్బాలకు 192.168.1.1 అనే చిరునామా ఉంటుంది. దానికి పింగ్ పంపాలి. అది మన ఇంట్లో బల్ల మీదున్న డబ్బా. రెండు మూడు మిల్లీసెకన్లలో బదులు రావాలి. ఒకసారి 3, ఒకసారి 400, ఒకసారి అసలు పలకకపోవడం అయితే, ఇంకా వీధి దాటని మాట కాబట్టి కంపెనీని ఆడిపోసుకోవడం అన్యాయం.

మూడోది శబ్దం, అంటే ఆప్తవాక్యం. కస్టమర్ కేర్‌కి ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతు ఒకటి ‘మీ కాలు మాకు ముఖ్యమైనది’ అంటుంది. నైయాయికులు ఆప్తుడంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడన్నారు. తక్కింది పాఠకులకే వదిలేస్తున్నాం.

ఇక్కడ పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం. కేబులబ్బాయి వచ్చి, ‘ఆయ్, ఓసారి ఆపి ఏసెయ్యండి బాబాయిగారూ, అదే సెట్టయిపోద్ది’ అంటాడు. నిజమే, అవుతుంది. చానలు ‘ఆటో’లో ఉన్న డబ్బా తిరిగి లేచినప్పుడు వీధిని కొత్తగా విని, ఆ క్షణాన ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. అతను వచ్చింది మధ్యాహ్నం, ఊరు నిద్రపోయే వేళ. రాత్రి ఎనిమిదింటికి అదే చానల్లో ఊరంతా ఉంటుంది. కనక రీస్టార్టు ఉపశమనమే తప్ప చికిత్స కాదని సిద్ధాంతం. ‘అయితే ఆరు యాంటెనాలది కొనండి’ అనేది రెండో పూర్వపక్షం. దానికి జవాబు ఇవ్వం.

వీగడానికి గాలితో సంబంధం లేని కారణం ఇంకొకటి ఉంది, దాన్ని వ్యాఖ్యాతలు తరచు వదిలేస్తారు. నెట్టు తెగినప్పుడు డబ్బా మీద లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలుగుతుంటే, అది వైఫై రోగం కాదు, అడాప్టరు రోగం. చాలా డబ్బాలకు 12 వోల్టులు కావాలి. గట్టిగా ప్రసారం చేసేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతాయి. వేడికి లోపలి కెపాసిటరు ఉబ్బిన ముసలి అడాప్టరు ఆ క్షణాన చతికిలబడుతుంది. అందుకే ఊరికే ఉన్నంతసేపూ డబ్బా పచ్చగా కళకళలాడుతుంది, సినిమా పెట్టగానే చస్తుంది. మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త రూటరు ఖర్చులో చిన్న భాగం. వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు. డబ్బాను బీరువా మీద, టీవీ వెనక, దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టడం వల్ల వేడెక్కి వీగడం కూడా ఈ కోవలోదే.

‘తగ్గి నడిపిన’ – ఇది విధివాక్యం. బ్రౌజరులో ఇందాకటి 192.168.1.1 చిరునామా కొట్టి, డబ్బా అడుగున అంటించిన చీటీలోని పాస్‌వర్డుతో లోపలికి వెళ్లాలి. 2.4 గిగాహెర్ట్జ్ కింద చానలు వెడల్పు 20 చేసి, చానలు ఆటో తీసేసి 1, 6, 11లలో ఏది పలచగా ఉంటే అది పెట్టాలి. ఏది పలచగా ఉందో చూపించే యాప్‌లు ఫోనులో ఉచితంగా దొరుకుతాయి. పరీక్ష రాత్రి ఏడు దాటాక చేయాలి. ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చేవాడికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

‘అండ్రు’ – కవి తాను చూశానని చెప్పకుండా లోకం మీదకు తోశాడు. కవి మేమే గనక కారణం చెప్పగలం. గణం కోసం.

‘కొబ్బరాకుల తడి’ – ఇది వర్ణన అని కొట్టిపారేయకూడదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీటిని ఇష్టపడదు, మైక్రోవేవ్ పొయ్యిలో అన్నం వేడెక్కేది 2.45 దగ్గరే. పొడిగా ఉన్న చెట్టు కన్నా వాన పట్టిన చెట్టు సిగ్నలును ఎక్కువ తింటుంది. కమ్మలు గాలికి ఊగుతుంటే సిగ్నలు కూడా ఊగుతుంది. ఇంట్లోని డబ్బా పెరటి చివర పాకలోకో, చేపల చెరువు కెమెరాకో అందాలని 40 పెట్టినవాళ్లకు ఈ పాదం ప్రత్యేకంగా వర్తిస్తుంది. వాళ్లకు కావలసింది వేగం కాదు, చేరడం. చేరడానికి 20 మంచిది. 5 గిగాహెర్ట్జ్ ఇంకా వెడల్పయిన బ్యాండు, 2018లో దాన్ని కూడా మన దేశంలో మరింత విస్తృతంగా విడిచిపెట్టారు. ఒకే గదిలో ఉన్నంతవరకు అక్కడ 80 పెట్టుకున్నా అడిగేవారు లేరు. కానీ అది పాతకాలపు గోడను చూస్తే ఆగిపోతుంది. పైగా అందులో కొన్ని చానళ్లు రాడార్లవి, వాడుకునే ముందు డబ్బా కనీసం ఒక నిమిషం విని, ఎప్పుడు రాడారు వినిపించినా ఖాళీ చేసి లేవాలి. దానికి వేరే పద్యం కావాలి.

‘పొరుగింటి వైరమేల’ – పక్కింటివాళ్లు 1లో ఉన్నారు గదా అని కొందరు తెలివిగా 3 పెడతారు. అది అటు 1నీ ఇటు 6నీ పాడుచేస్తుంది. ఒకే చానల్లో ఉన్న రెండు డబ్బాలు ఒకదాని మాట ఒకదానికి అర్థమై వంతులు వేసుకుంటాయి. సగం ఒరుసుకున్నవాటికి అవతలిది ఉత్త రొదగా వినిపిస్తుంది. కనక గోడ మీంచి మాట్లాడుకోవడమే ఉత్తమం. ‘అన్నయ్యగారూ, మీ వైఫై ఎంతలో ఉందండీ?’ అంటే, ‘ఏమోనండీ, ఆ కుర్రాడు పెట్టి వెళ్లాడు’ అని బదులు వస్తుంది. ఇక్కడ నిరాశపడకూడదు. కాఫీ ఇచ్చి, వాళ్ల డబ్బా కూడా మనమే 11కి మార్చి రావాలి.

పాఠాంతరం – పద్యం చదివి వినిపించగానే డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు చివరి పాదాన్ని ‘వచ్చు నలలకుఁ బొరుగింటి వైపుఁ జూడు’ అని సవరించాడు. పక్కింటి పాస్‌వర్డు తెలిసినవాడి పాఠం అది. యతి చెడలేదు, గణం తప్పలేదు, అర్థం మూలం కన్నా స్పష్టంగా ఉంది. తోసిపుచ్చడానికి మాకు వ్యాకరణ కారణం దొరకలేదు. గోడ అవతల వాళ్లు విన్నట్టున్నారు, సాయంత్రానికల్లా పాస్‌వర్డు మార్చేశారు.